భాగ్యక్కతనం

సండూరు,
9 జూన్ 2025

హొన్నూరక్కకు,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నువ్వు పనిచేసే అంగన్‌వాడీకి వేస్తున్నాను. చదివాక అక్కడే బీరువాలో పెట్టు. ఇంటికి మాత్రం తీసుకుపోవద్దు.

నిన్న ఫోన్లో ముక్తసరిగా మాట్లాడానని నొచ్చుకుని ఉంటావు. ఏం చేయను? నువ్వేమో స్పీకర్ పెట్టి, "గౌతమీ, మన ఈరేశు వచ్చినాడే, మాట్లాడే" అని ఏడుస్తున్నావు. నీ ఏడుపు వెనక ఇంకో మనిషి ఊపిరి నాకు వినబడుతూనే ఉంది. అతను ఒక్క మాట అనలేదు. ఇరవై మూడేళ్ల తరువాత అక్క గొంతు విన్నవాడు ఒక్క మాటైనా అనడా?

తమ్ముడు కొట్టూరు తేరు జాతరలో తప్పిపోయేనాటికి వాడికి ఆరేళ్లు, నాకు పదకొండు, నీకు పద్దెనిమిది. నాన్న వెతికి వెతికి పోయాడు. అమ్మ ఎదురుచూసి పోయింది. ఇప్పుడు బావ బెంగళూరులో సెంట్రింగ్ పనికి వెళ్లి, ఇంట్లో నువ్వొక్కదానివే ఉన్న సమయం చూసుకుని వచ్చినట్టు వచ్చాడు ఈయన.

పదేళ్లుగా నేను లారీల కాటా దగ్గర కాగితాలు చూసే పనిలో ఉన్నాను. తప్పులున్న కాగితం నన్ను భయపెట్టదు. అన్నీ కుదిరిన కాగితాన్నే రెండోసారి చూస్తాను. అందుకే అడుగుతున్నాను, దాచకుండా చెప్పు. అతను గుమ్మంలోకి వచ్చి మొదట ఏమన్నాడు? ఈరేశు అనే పేరు మొదట ఎవరి నోట వచ్చింది, నీ నోటా, అతని నోటా?

గౌతమి


మోక,
16 జూన్

గౌతమికి,

నీ ఉత్తరం అంగన్‌వాడీ పిల్లల ముందే చదివి ఏడ్చాను. పిల్లలు బెదిరిపోయారు. పెన్ను పట్టుకుంటే నాకు బడి తెలుగే వస్తుంది, నవ్వొద్దు.

ఆదివారం పొద్దున రొట్టెలు కొడుతున్నాను. సంచి తగిలించుకున్న మనిషి ఒకాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఇది శివప్ప ఇల్లేనా?" అని నాన్న పేరు చెప్పి అడిగాడు. "హౌదు, నువ్వెవురప్పా?" అన్నాను. అతను వాకిలంతా చూశాడు. చూసి చూసి, "ఈడ రాజీ అనే మేకను కట్టేస్తాండ్రి కదా?" అన్నాడు.

చెప్పు గౌతమీ, రాజీ పేరు బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? అది చచ్చిపోయే నాటికి నీకే పన్నెండేళ్లు. నా చేతి పిండి అతని చొక్కాకంతా అంటింది. "ఈరేశా, యాడికి పోతివప్పా ఇన్ని దినాలు?" అని అరిచాను. అవును, పేరు నా నోటనే వచ్చింది. అయితే ఏంది? తమ్ముణ్ణి అక్క పిలవకుండా ఇంకెవరు పిలుస్తారు?

దావణగెరె వైపు ఒక అనాథాశ్రమంలో పెరిగాడట. అక్కడ హర్ష అని పేరు పెట్టారట. ఇప్పుడు గాలిమరల దగ్గర వైరింగు పని. మొన్న బళ్లారి బస్టాండులో నిలబడి ఉంటే ఒక బస్సుకు 'మోక' అని బోర్డు కనబడిందట. "ఆ పేరు చూస్తానే కాళ్లు ఆగలేదక్కా, ఎక్కేసినా" అన్నాడు. ఇంతకంటే ఏం కావాలి?

నువ్వు అనుకుంటున్నట్టు దేనికీ ఆశపడే మనిషి కాదు. రేషన్ కార్డులో నీ పేరు ఎక్కిద్దాం రా అంటే, "వద్దక్కా, ఇప్పుడే వద్దు" అని చేతులు పట్టుకున్నాడు. ఇంట్లో ఫ్యాను రెండేళ్లుగా తిరగడం లేదు. వచ్చిన రోజే బాగుచేశాడు.

ఒక్కసారి వచ్చి చూడు.

అక్క


సండూరు,
23 జూన్

అక్కా,

రేషన్ కార్డు వద్దన్నాడని మురిసిపోతున్నావు. నాకు అక్కడే అనుమానం పెరిగింది. పేరు ఎక్కించాలంటే ఆధార్ చూపించాలి, వేలిముద్ర వేయాలి. అసలు పేరు, అసలు ఊరు బయటపడతాయి. వద్దనక ఏం చేస్తాడు?

నీకు కోపం వచ్చినా సరే, అనాల్సిన మాట అంటాను. ఇది భాగ్యక్కతనం. మొన్న ఆఫీసులో ఈ మాట నోరు జారితే మా క్లర్కు మహాదేవి అర్థం అడిగింది. పద్మనాభ మేష్ట్రు రాసి మన బడిలో ఆడించిన నాటకం గురించి ఆమెకు చెప్పాల్సి వచ్చింది. ఇంటి కప్పు కూలిపోతే "మంచిదే, ఇంట్లోకే ఎండ వచ్చింది, వడియాలు పెట్టుకోవచ్చు" అనే భాగ్యక్క. బొంబాయికి పోయి ఉత్తరం కూడా రాయని మొగుడికి రోజూ కంచం పెట్టే భాగ్యక్క. ఆ నాటకం ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. మాట మాత్రం మన ఊళ్లో మిగిలింది. వాన చుక్క లేకుండా విత్తనం వేసినవాణ్ణి చూసి 'భాగ్యక్కతనం పట్టింది' అంటారు. కళ్లు మూసుకుని అంతా మంచే జరుగుతుందనుకోవడం అని మహాదేవికి చెప్పాను. చెబుతున్నంతసేపూ నువ్వే కళ్లముందు మెదిలావు. ఆ వేషం వేసింది నువ్వే కదా.

నేను అడిగేవి చూసి రాయి. ఈరేశు కుడి మోకాలి మీద పొయ్యి కట్టె కాలిన మచ్చ ఉండాలి. వాడిది ఎడమచేతి వాటం. నన్ను ఏమని పిలిచేవాడో అడుగు, నువ్వు అందించకు. ఇవన్నీ కాకపోయినా రక్తపరీక్ష ఉంది. డీఎన్ఏ అంటారు. నా రక్తం నేను ఇస్తాను.

అప్పటిదాకా లోపలి గది తలుపు గడియ వేసుకుని పడుకో.

గౌతమి


మోక,
1 జూలై

గౌతమికి,

చూశాను. మోకాలి మీద మచ్చ లేదు. ఆరేళ్ల పిల్లవాడి చర్మం అంత పెద్ద మనిషికి సరిపడా సాగింది, మచ్చ అందులో కలిసిపోయి ఉంటుంది. కుడిచేత్తోనే తింటాడు. ఆశ్రమంలో ఎడమచేత్తో తిననిస్తారా, కొట్టి మాన్పించి ఉంటారు. ఇవి చదువుతూ నువ్వు తల పట్టుకుంటావని తెలుసు. కానీ మూడోది కూడా విను. చిన్నక్కను ఏమని పిలిచేవాడివి అన్నాను. ఆలోచించను కూడా లేదు. "గవ్వక్క" అన్నాడు.

గౌతమక్క అని నోరు తిరగక వాడు పెట్టిన పేరు. అమ్మా నాన్నా పోయాక ఆ పేరు తెలిసినవాళ్లం మనిద్దరమే.

రక్తం మాట మళ్లీ ఎత్తొద్దు. సూది గుచ్చి తేల్చుకోవడానికి నాకు మనసొప్పదు.

భాగ్యక్క అన్నావు. అను. ఆ వేషం వేసినప్పుడు ఊరంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. కప్పు కూలిన తరువాత ఆమె ఏమనాలి? ఏడిస్తే కప్పు లేస్తుందా? నాన్న పోయిన రోజున, అమ్మ పోయిన రోజున నేను అలాగే ఏదో ఒకటి అనుకుని లేచి పొయ్యి వెలిగించాను. నువ్వు సండూరులో గది తీసుకుని వెళ్లిపోయావు. ఎవరి దారి వాళ్లది, తప్పు పట్టడం లేదు.

ఒక్క విషయం. రోజూ నిన్నే అడుగుతాడు. "గవ్వక్క ఎప్పుడొస్తాది? ఆమెతో ఒక మాట ఉండాది." ఏం మాటప్పా అంటే చెప్పడు. మొన్న భోజనం దగ్గర, "తేరు నాడు మీరంతా యాడ వెతికిరి?" అన్నాడు. తేరు వీధిలో, జనం తోపులాటలో గౌతమి చేతిలోంచి వాడి చెయ్యి జారిన చోట అని చెప్పాను. అతను ముద్ద కంచంలోనే వదిలేశాడు. తరువాత కంచం కడిగేశాడు.

అక్క


సండూరు,
5 జూలై

అక్కా,

అతను ఇంకేమైనా అడిగాడా? తేరు గురించి ఏమైనా చెప్పాడా? ఏం చెప్పినా నమ్మవద్దు. ఆ రోజు గురించి అతనితో మాట్లాడవద్దు. నాతో మాట ఉంటే నాతోనే తేల్చుకుంటాడు.

సోమవారం సెలవు పెట్టాను. దావణగెరె వెళుతున్నాను. అతనికి చెప్పకు.

గౌతమి


సండూరు,
9 జూలై

హర్ష గారికి,

ఈ కవరు మీరు పనిచేసే చోటికే పంపుతున్నాను. మా అక్క చేతికి చిక్కకూడదని.

మీ ఆశ్రమానికి వెళ్లి వచ్చాను. అక్కడి పాత గుమాస్తా చిదానంద గారు రిజిస్టర్లు తీసి చూపించారు. గుంతకల్లు రైల్వే స్టేషనులో దొరికిన తెలుగు పిల్లవాడు హర్షను చేర్చుకున్నది 2000 సంవత్సరం ఆగస్టులో. మా తమ్ముడు తప్పిపోయింది 2002 తేరులో. అంటే మా వాడు మా ఇంట్లో మేకతో ఆడుకుంటున్నప్పటికే మీరు ఆ ఆశ్రమంలో ఉన్నారు. మీరు ఈరేశు కాదు. గోడ మీది ఫోటోలో మిమ్మల్ని కూడా చూపించారు.

మా తమ్ముడి కోసం ఆ ఏడాది పేజీలన్నీ చూశాను. కొట్టూరు తేరు నుంచి ఆ ఆశ్రమానికి వచ్చింది ఒకే ఒక్క పిల్లవాడు. వాడు మూగవాడట. 'మూక బాలుడు' అని రాసి ఉంది. ఈరేశు అనే పేరే లేదు.

మా ఇంటి సంగతులు మీకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. మేక పేరు, నా ముద్దుపేరు ఎక్కడ సంపాదించారో తెలియదు. మీకేం కావాలో అసలే తెలియదు. ఆదివారంలోగా మా అక్కకు నిజం చెప్పి ఆ ఇంట్లోంచి వెళ్లిపోండి. లేకపోతే పోలీసులను వెంటబెట్టుకుని నేనే వస్తాను.

గౌతమి


బళ్లారి,
13 జూలై

గౌతమక్క గారికి,

నేను ఆశ్రమంలో నేర్చుకున్నది కన్నడమే. తెలుగు మాటలను కన్నడ అక్షరాల్లో రాస్తున్నాను. మీరు చదవగలరు.

మీరు రాసిందంతా నిజం. నేను ఈరేశును కాను. ఆ మూక బాలుడే ఈరేశు.

వాడు మూగవాడు కాదక్కా. తేరులో దొరికినప్పుడు చుట్టూ చేరినవాళ్లు కన్నడలో ఊరేది, పేరేమని అడిగారట. భయంతో వాడి నోట వచ్చింది ఒక్కటే మాట, 'మోక'. వాళ్లకు అది 'మూక' అని వినబడింది. కన్నడంలో మూగవాణ్ణి అలాగే అంటారు కదా. పిల్లవాడే తాను మూగవాణ్ణని చెబుతున్నాడనుకున్నారు. ఆ తరువాత వాడు పెద్దవాళ్ల ముందు నోరు విప్పలేదు. నాతో ఒక్కడితోనే మాట్లాడేవాడు, తెలుగు తెలిసింది నాకే కాబట్టి. భోజనం వరుసలో నా పక్కన కూర్చుని చెవిలో చెప్పేవాడు. రాజీ మేక, హొన్నూరక్క రొట్టె, గవ్వక్క. మోకకు పోదాం అంటే అదేదో ఆట అనుకున్నాను. నాకప్పుడు ఏడేళ్లు. అది ఊరి పేరని ఎవరికైనా చెప్పాలని నాకు తోచలేదు.

ఆ ఏడాది నవంబరులో వాడికి కామెర్లు వచ్చాయి. ఆస్పత్రికి తీసుకుపోయారు. తిరిగి రాలేదు. ఆశ్రమం వెనకాల చిన్న మామిడి తోపు ఉంది, అక్కడ పూడ్చారు. నేను చూశాను.

మోక అనే బోర్డు చూసినరోజు, వాడి వాళ్లకు ఈ సంగతి చెప్పి పోదామనే బస్సెక్కాను. నోరు తెరిచేలోగా పెద్దక్క నన్ను పట్టుకుని ఈరేశా అంది. వేడి రొట్టె పెట్టింది. నా జన్మలో నన్ను చూసి ఎవరూ అలా ఏడవలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నెల దాటింది. అది నా తప్పు. మీరు పోలీసులను తెచ్చినా ఎదురు చెప్పను.

మీతో ఉన్న మాట ఇది. వాడు నాకు తేరు గురించి చెప్పింది వేరు. చెయ్యి జారలేదు. చెరుకురసం బండి దగ్గర నిలబెట్టి, "ఈడే ఉండు, కదలాకు, వస్తా" అని మీరు చెప్పి వెళ్లారు. వాడు చీకటిపడేదాకా కదలలేదు. ఆశ్రమంలో కూడా వాడి మాట అదే. "గవ్వక్క వస్తాదిరా. వస్తానని చెప్పింది కదా." వాడికి మీ మీద కోపం లేదక్కా. కామెర్లతో పడుకున్నప్పుడు కూడా వస్తుందనే అన్నాడు.

వాడు పోయాడని పెద్దక్కకు గురువారం నేనే చెబుతాను. అందుకే వచ్చినవాణ్ణి. బండి సంగతి మాత్రం మీది. నేను చెప్పను.

హర్ష


సండూరు,
17 జూలై

అక్కా,

హర్ష రాసిన ఉత్తరం ఇందులో పెట్టాను. ముందు అది చదువు. ఈపాటికి అతను నీకు చెప్పి ఉంటాడు. చివర ఉన్నది మాత్రం చెప్పి ఉండడు.

అది నిజం. ఆ రోజు మోక నుంచి వచ్చిన నా స్నేహితురాళ్లు రంగులరాట్నం ఎక్కుతున్నారు. నాన్న నాకిచ్చిన చిల్లర ఒక్కరికే సరిపోతుంది. ఈరేశు నేనూ ఎక్కుతానని కొంగు పట్టుకున్నట్టు పావడా పట్టుకుని వదలలేదు. బండి దగ్గర నిలబెట్టి వెళ్లాను. ఒకసారి ఎక్కాను. దిగాక వాళ్లతో గాజుల అంగళ్లు చూస్తూ పోయాను. గుర్తొచ్చేసరికి తేరు కదిలింది, దారి మూసుకుపోయింది. మీరు నన్ను చూసేసరికి నేను తేరు వీధిలో ఉన్నాను. తిడతారని, చెయ్యి జారిందని చెప్పాను. నాన్న అది నమ్మాడు.

మరునాడు చెప్పవచ్చు. ఆ వారంలో చెప్పవచ్చు. రోజు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది. సండూరుకు వచ్చింది కూడా మీ ముఖాలు రోజూ చూడలేకనే.

ఇతణ్ణి అనుమానించాను, నిజమే. కానీ దొంగవాడని ఒక్క భయమే కాదు నాది. నిజంగా ఈరేశే అయి ఉంటే, నన్ను చూసి ఏమంటాడోనన్న భయం ఇంకా పెద్దది. వాడు కాకూడదని కోరుకుంటూ దావణగెరె వెళ్లాను అక్కా. ఆ రిజిస్టరులో 'మూక బాలుడు' అన్న వరుస మీద నా వేలు ఆగింది. మా వాడు వాగుడుకాయ కదా అనుకుని పేజీ తిప్పేశాను. తమ్ముడి పేజీ నా చేత్తోనే తిప్పేశాను.

నువ్వేమన్నా పడతాను. ఏదో ఒకటి అను.

గౌతమి


మోక,
22 జూలై

గౌతమికి,

హర్ష గురువారం సాయంత్రం చెప్పాడు. నీ కవరు శనివారం చేరింది. మూడు రోజులు పెన్ను పట్టలేదు.

నువ్వు వాణ్ణి నిలబెట్టి రంగులరాట్నం ఎక్కినందుకు నాకు కోపం లేదు. పదకొండేళ్ల పిల్లవు. నేనైనా అదే చేసి ఉంటాను. కానీ ఆ సాయంత్రం నాన్న నీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "యాడ జారిందమ్మా, చూపీ" అని అడిగినప్పుడు పక్కన నేనున్నాను. నువ్వు తేరు వీధి వైపు చెయ్యి చూపించావు. అందరం అటే పరుగెత్తాం. చెరుకురసం బళ్లు ఉన్నది గుడి అవతలి పక్క. అటు ఎవరం పోలేదు. వాడు అక్కడే నిలబడి ఉన్నాడు, గౌతమీ. చీకటిపడేదాకా ఉన్నాడు.

నీకు తెలియనిది ఇంకొకటి ఉంది. మూడో రోజున పోలీసులు, మూగపిల్లవాడు ఒకడు దొరికాడు, చూస్తారా అన్నారు. నాన్న, "మావోడు నోరు మూయడు సార్, వాడు కాదు" అని తిరిగి వచ్చాడు. మాటొచ్చే పిల్లవాడని అంత గర్వంగా చెప్పుకున్నాడు. నువ్వు బండి మాట చెప్పి ఉంటే, ఆ పిల్లవాడు దొరికింది ఎక్కడని నాన్న తప్పకుండా అడిగేవాడు.

ఏదో ఒకటి అనమన్నావు. నేను పోనీలే అంటానని నీకు ఆశ. ఇన్నేళ్లుగా అన్నిటికీ అదే అన్నాను. ఈసారి నోరు రావడం లేదు. రేపు వస్తుందేమో తెలియదు. రాకపోవచ్చు కూడా.

హర్ష సంచి సర్దుకుని, "పోతానక్కా, తప్పయిపోయింది" అని గుమ్మంలో నిలబడ్డాడు. నెల రోజులు నన్ను మోసం చేసినందుకు తిట్టాను. గట్టిగానే తిట్టాను, పక్కింటివాళ్లు వచ్చారు. తరువాత తిని పొమ్మన్నాను. తిన్నాక, పని చూసుకుని సాయంత్రం రమ్మన్నాను. "ఇంక నన్నేమని పిలుస్తావక్కా?" అన్నాడు. "నీ పేరేందో అదే" అన్నాను. రెండుసార్లు ఈరేశా అని నోరు జారింది. మూడోసారి హర్షా అనే పిలిచాను. మీ బావకు ఫోన్ చేసి అంతా చెప్పాను. రెండు రోజుల్లో వస్తున్నాడు.

వచ్చే ఆదివారం ఆ మామిడి తోపుకు పోతున్నాం. హర్షకు చోటు తెలుసు. నేను రొట్టెలు చేసుకుని తెస్తాను. నువ్వు కూడా రా. క్షమించానని పిలవడం లేదు. నాకు రాసిందంతా అక్కడ వాడికి నీ నోటితో చెప్పాలి. నీ బదులు హర్ష చెప్పడు, నేనూ చెప్పను.

హొన్నూరమ్మ